పాలపన్నులోని కణానికి ఎముక కట్టమని ఎవరు చెబుతారు?

పోయిన నెల మా వదిన ఫోనులో ఒక కాగితం ఫొటో పంపింది. పిల్లవాడి బడి గేటు దగ్గర ఎవరో పంచిపెట్టారట. ఊడిన పాలపన్నును పారేయవద్దని, అందులో మూలకణాలు ఉంటాయని, తమ దగ్గర శీతల గిడ్డంగిలో దాచుకుంటే రేపు పిల్లవాడి ఎముక విరిగినా దవడ అరిగినా అవే కొత్త ఎముకను కడతాయని అందులో ఉంది. కింద రుసుము, నెలవారీ వాయిదాల లెక్క. "నువ్వు సైన్సు రాస్తవు గదా, కట్టమంటవా వద్దా?" అని అడిగింది. నేనుండేది సూరత్‌లో తాపీ నదికి ఇవతల, అడాజన్‌లో. వాళ్ళుండేది నదికి అవతల లింబాయత్‌లో. మా అన్న ఉధ్నాలో సాంచాల మీద పనిచేస్తాడు. ఆ కాగితం అడిగే సొమ్ము వాళ్ళకు చిన్నది కాదు.

నేను చదువుకున్నది భౌతికశాస్త్రం. జీవకణాల సంగతి ఒకటికి రెండుసార్లు చదివితే గానీ నాకు తలకెక్కదు. అందుకని వెంటనే జవాబు చెప్పకుండా వారం గడువు అడిగాను. ఈ వ్యాసం ఆ వారం చదివినదాని ఫలితం.

ముందుగా, కాగితంలో ఉన్నది పూర్తిగా అబద్ధం కాదు. పన్ను చూడటానికి రాయిలా ఉంటుంది కానీ దాని నడిమి గదిలో మెత్తటి గుజ్జు ఉంటుంది. నరాలు, రక్తనాళాలు అందులోనే ఉంటాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో స్టాన్ గ్రాంథోస్, సాంగ్‌టావో షీ తదితరులు 2000లో ఈ గుజ్జులో మూలకణాలున్నాయని చూపించారు. వాళ్ళు వాడినవి పెద్దవాళ్ళకు తీసేసిన జ్ఞానదంతాలు. మూడేళ్ళ తర్వాత అదే బృందం ఊడిన పాలపళ్ళలోనూ అలాంటి కణాలను కనుగొంది. అయితే ఒక్కో పన్ను గుజ్జులో గిన్నెకు అంటుకుని పెరిగే కణాలు డజను నుంచి ఇరవై దాకా మాత్రమే దొరికాయి. 2004లో పంటికీ దవడ ఎముకకూ మధ్యనుండే తంతుపొరలోనూ ఇటువంటివే ఉన్నాయని తేలింది. ఆ పొర మందం మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే. మనం పల్లీ కొరికినప్పుడు పన్ను నేరుగా ఎముకను గుద్దకుండా కాపాడేది అదే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఒక కణం ఎముక కట్టగలగడం వేరు, కట్టాలని నిర్ణయించుకోవడం వేరు. అదే మూలకణం కొవ్వు కణంగా మారగలదు, మృదులాస్థిగా మారగలదు, డెంటిన్ పోయగలదు, ఏమీ చేయకుండా ఊరుకోనూ గలదు. దానికి ఫలానా పని చెయ్యమని చెప్పేదెవరు? గత పదిహేనేళ్ళుగా దంత మూలకణాల పరిశోధనలో పెద్దభాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. దొరుకుతున్న జవాబుల్లో కొన్ని ప్రొటీన్లు కావు, ప్రొటీన్‌గా ఎప్పటికీ మారని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. వీటిని నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అంటారు.

సూరత్‌కు తెలిసిన ఎరుపు

ఆ ముక్కల సంగతికి వెళ్ళేముందు, గిన్నెలో కణాలు ఎముక కట్టాయని ప్రయోగశాలలో ఎలా తెలుస్తుందో చెప్పాలి. ఈ భాగం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే ఇందులో రంగు ఉంది. రంగుల అద్దకం తెలియనివాడు సూరత్‌లో ఉండడు.

కణాలను విటమిన్ సి, డెక్సామెథాసోన్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలిపిన ద్రవంలో సుమారు మూడు వారాలు పెంచుతారు. తర్వాత అలిజరిన్ రెడ్ అనే రంగు పోస్తారు. కాల్షియం పేరుకున్న చోటల్లా అది ఎర్రగా పట్టుకుంటుంది. గిన్నె ఎంత ఎర్రబడితే అంత ఖనిజం ఏర్పడినట్టు. ఈ అలిజరిన్ మనకు కొత్తది కాదు. మచిలీపట్నం కలంకారీ బట్ట మీది ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఆ వేరులో ఉండేది అలిజరినే. కచ్ఛ్‌లో అజ్రఖ్ అద్దేవాళ్ళు వాడే మంజిష్ఠ జాతి ఎరుపూ అదే. పటిక పట్టించిన నూలుకు ఈ రంగు ఎందుకు గట్టిగా అంటుకుంటుందో, ఎముకకూ దాదాపు అందుకే అంటుకుంటుంది: రెండు చోట్లా రంగు అణువు ఒక లోహాన్ని పట్టుకుంటుంది. బట్టలో అల్యూమినియం, ఎముకలో కాల్షియం.

దీన్ని గమనించిన కథ కూడా అద్దకం వాడి ఇంట్లోనే జరిగింది. 1736లో లండన్‌లో జాన్ బెల్చర్ అనే శస్త్రవైద్యుడు ఒక బట్టల అద్దకందారు ఇంటికి భోజనానికి వెళ్ళాడు. వడ్డించిన పంది మాంసంలో ఎముకలు ఎర్రగా ఉన్నాయి. అద్దకంలో మిగిలిన మంజిష్ఠ రంగు కలిసిన తవుడును ఆ పందులకు మేపుతున్నారు. పెరుగుతున్న ఎముక ఆ రంగును పీల్చుకుంది. ఎముక ఎక్కడెక్కడ కొత్తగా పెరుగుతోందో గుర్తుపట్టే పద్ధతి ఒక భోజనాల బల్ల దగ్గర దొరికింది.

ఎముకలో కాల్షియంతో జంటగా ఉండేది ఫాస్ఫేట్. దాన్ని కొలిచే చోట ఒక తెలుగు పేరు వస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలల్లో రోజువారీ పనిముట్టు అయింది.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. గిన్నె ఎర్రబడిందంటే కాల్షియం పేరుకుందని అర్థం, ఎముక తయారైందని కాదు. నిజమైన ఎముకకు రక్తనాళాలు కావాలి, మజ్జ కావాలి, పొరలు పొరలుగా అల్లిక కావాలి. 2000 నాటి ప్రయోగంలోనే, పంటి గుజ్జు కణాలను ఎలుకల్లో నాటితే వచ్చింది ఎముక కాదు, డెంటిన్ లాంటి పదార్థం. 2003లో పాలపంటి కణాలు తామే ఎముకగా మారే బదులు ఎలుక సొంత కణాలను పిలిచి ఎముక కట్టించాయి. కాగితంలో ఈ తేడా ఎక్కడా లేదు.

మేస్త్రీ చీటీలు

ఇప్పుడు ఆర్‌ఎన్‌ఏల దగ్గరికి వద్దాం. అన్న పనిచేసే షెడ్డులో నేను చూసినదే ఉదాహరణగా తీసుకుంటాను. డిజైన్ అంతా ఆఫీసు బీరువాలో ఉంటుంది. అది డీఎన్‌ఏ. దాని నకలుగా తీసిన జాకార్డు అట్టలు సాంచా మీదికి ఎక్కుతాయి. అవి మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. బయటికొచ్చే బట్ట ప్రొటీన్. కానీ షెడ్డులో ఇంకో రకం కాగితాలు కూడా తిరుగుతుంటాయి. "ఫలానా నంబరు డిజైన్ ఆపు", "ఇది రేపటికి ఉంచు" అని మేస్త్రీ రాసే చీటీలు. చీటీ ఎన్నడూ బట్టగా మారదు. కానీ ఏ బట్ట ఎంత నేయాలో అదే తేలుస్తుంది.

మనిషి డీఎన్‌ఏలో ప్రొటీన్ల సమాచారం ఉన్న భాగం రెండు శాతం లోపే. మిగతాదంతా చెత్త అని చాలాకాలం అనుకున్నారు. 1993లో విక్టర్ ఆంబ్రోస్, రోజలిండ్ లీ, రోండా ఫైన్‌బామ్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో తొలి చీటీని గుర్తించారు. దాని పేరు లిన్-4. పొడవు 22 అక్షరాలు. అది ఏ అట్టల మీద పనిచేస్తోందో గ్యారీ రువ్‌కున్ బృందం చూపించింది. ఏడేళ్ళ పాటు ఇదేదో ఆ పురుగుకే ఉన్న వింత అనుకున్నారు. 2000లో లెట్-7 అనే రెండో చీటీ దొరికి, అది మనుషుల్లోనూ ఉందని తెలిశాక అభిప్రాయం మారింది. ఆంబ్రోస్, రువ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పొట్టి ముక్కలే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు.

ఇవి పనిచేసే తీరు సులువైనది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తోక భాగంలో ఒక చిన్న వరుస, మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట్లోని ఏడక్షరాల వరుసకు జోడీ కుదిరితే చాలు. చీటీ వెళ్ళి అక్కడ అతుక్కుంటుంది. ఆ అట్టలు సాంచా మీదినుంచి దిగిపోతాయి, లేదా చిరిగిపోతాయి. బట్ట పూర్తిగా ఆగదు, తగ్గుతుంది.

ఈ "తగ్గుతుంది" అన్న మాటలోనే అసలు సంగతి ఉంది. ఎముక విషయంలో ఎంత అన్నది చాలా ముఖ్యం. దీనికి గట్టి సాక్ష్యం రన్‌ఎక్స్2 అనే జన్యువు. కణాన్ని ఎముక దారి పట్టించే పెద్ద మేస్త్రీ ఇదేనని 1997లో ఒకేసారి పలు బృందాలు చెప్పాయి. ఎలుకలో దీని రెండు ప్రతులూ తీసేస్తే అస్థిపంజరం మృదులాస్థిగానే మిగిలిపోతుంది, పిల్ల పుట్టగానే చనిపోతుంది. మనిషిలో రెండు ప్రతుల్లో ఒక్కటి చెడితే చాలు, క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా అనే అరుదైన లోపం వస్తుంది. మెడ కింది జత్రుకలు సరిగా ఏర్పడవు. కొందరు రెండు భుజాలను ముందుకు తెచ్చి కలపగలరు. వాళ్ళ నోరు చూస్తే ఇంకో వింత: పాలపళ్ళు వేళకు ఊడవు, శాశ్వత దంతాలు చిగురు కిందే ఉండిపోతాయి, అదనపు పళ్ళు మొలిచి లోపలే ఇరుక్కుంటాయి. ఎముకకూ పంటికీ మేస్త్రీ ఒకరేనని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? సగం మోతాదు తగ్గితేనే ఇంత మార్పు వస్తే, మోతాదును కొంచెం కొంచెంగా తిప్పే చీటీల విలువ ఏమిటో ఊహించవచ్చు.

2010లో మిర్-204 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ, దాని తోబుట్టువు మిర్-211 రన్‌ఎక్స్2 తోకకే అతుక్కుని దాన్ని అణుస్తాయని, అప్పుడు కణం ఎముక దారి వదిలి కొవ్వు దారి పడుతుందని తేలింది. మరుసటి ఏడాది డెన్మార్క్‌లో ముస్తఫా కాసెమ్ బృందం మిర్-138తో ఇంకా స్పష్టమైన లెక్క చూపింది. మనిషి ఎముక మజ్జ మూలకణాల్లో దాన్ని పెంచి ఎలుకల్లో నాటితే ఎముక తయారీ 85 శాతం పడిపోయింది. దాని నోరు మూయిస్తే 60 శాతం పెరిగింది. అంటే ఈ చీటీల్లో చాలావరకు బ్రేకులు. బ్రేకు మీద కాలు తీస్తే బండి తనంతట తానే కదులుతుంది.

ఆ రెండూ మజ్జ కణాల ప్రయోగాలు. నోటిలోకి వస్తే కథ కొంచెం మారుతుంది. 2011లో చైనాలోని షియాన్ పరిశోధకులు చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళ పంటి తంతుపొర నుంచి మూలకణాలు తీశారు. ఆరోగ్యవంతుల కణాలతో పోలిస్తే అవి ఎముక కట్టడంలో వెనకబడ్డాయి. కారణం వెతికితే మిర్-17 తగ్గిపోయి కనిపించింది. మామూలుగా మిర్-17 స్మర్ఫ్1 అనే ప్రొటీన్‌ను అదుపులో పెడుతుంది. స్మర్ఫ్1 పని ఎముక తయారీకి కావలసిన ప్రొటీన్లను విరగ్గొట్టించడం. వాపు వల్ల మిర్-17 తగ్గితే స్మర్ఫ్1 విజృంభిస్తుంది, ఎముక తగ్గుతుంది. ఇక్కడ చీటీ ఎముకకు బ్రేకు కాదు, బ్రేకుకు బ్రేకు. పళ్ళు కదులుతున్న పెద్దవాళ్ళకు శుభ్రం చేసినా ఎముక ఎందుకు తిరిగి రాదన్న దానికి ఇది ఒక పాక్షిక కారణం కావచ్చు.

భౌతికశాస్త్రం వాణ్ణి కాబట్టి నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది మిర్-21. పళ్ళకు కమ్మీలు వేసుకున్నవాళ్ళకు తెలుసు, తీగ లాగితే పన్ను నెమ్మదిగా జరుగుతుంది. లాగుడు పడిన వైపు కొత్త ఎముక పుడుతుంది, ఒత్తిడి పడిన వైపు కరుగుతుంది. మరి బలాన్ని కణం ఎలా చదువుతుంది? 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో తంతుపొర మూలకణాలను సాగదీస్తే మిర్-21 మారింది, దాంతో పాటు ఎముక దారి పట్టే ప్రవృత్తీ మారింది. రెండేళ్ళకు టొరంటోలో బోరిస్ హింజ్ బృందం ఇదే మిర్-21కి ఇంకో పని ఉందని చూపింది. అది జ్ఞాపకం. గట్టి తలం మీద చాలాకాలం పెంచిన మజ్జ మూలకణాలను మెత్తటి తలం మీదికి మార్చినా, అవి పాత గట్టిదనాన్ని మరిచిపోలేదు. ఆ గుర్తును నిలిపింది మిర్-21. ప్రయోగశాలల్లో కణాలను పెంచే ప్లాస్టిక్ గిన్నె మన కండరం కన్నా లక్ష రెట్లు గట్టిది. దాచిన కణాలను రేపు వాడాలంటే అలాంటి గిన్నెల్లోనే లక్షల సంఖ్యకు పెంచాలి. డజను కణాలతో మొదలయ్యే పాలపంటికి ఈ పెంపకం ఇంకా ఎక్కువ కావాలి. అవి ఏమేం గుర్తుపెట్టుకుని వస్తాయో రుసుము కాగితంలో రాసి ఉండదు.

పొడుగు చీటీలు, గుండ్రటి చీటీలు

ఆర్‌ఎన్‌ఏ చీటీలన్నీ పొట్టివి కావు. 200 అక్షరాలు దాటినవాటిని లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలంటారు. ఇవి రకరకాలుగా పనిచేస్తాయి. హెచ్19 అనేది పంటి గుజ్జు మూలకణాల్లో డీఎన్‌ఏ మీద మీథైల్ ముద్రలు వేసే యంత్రాంగాన్ని అడ్డుకుని, డీఎల్ఎక్స్3 అనే జన్యువు తలుపు తెరిచి ఉండేలా చేస్తుందని 2018లో రాశారు. దాంతో కణం డెంటిన్ పోసే దారి పడుతుంది. ఏఎన్‌సీఆర్ అనే ఇంకొకటి దీనికి ఎదురు: 2015లో తంతుపొర కణాల్లో దాన్ని తగ్గించి చూస్తే ఎముక ప్రవృత్తి పెరిగింది.

మరీ చిత్రమైనవి గుండ్రటి ఆర్‌ఎన్‌ఏలు. రెండు కొసలు కలిసిపోయి గాజులా ఉంటాయి. కొసలు లేవు కాబట్టి కొస నుంచి కొరికే ఎంజైములకు దొరకవు, ఎక్కువకాలం బతుకుతాయి. సీడీఆర్1ఏఎస్ అనే గాజు మీద మిర్-7 అతుక్కునే చోట్లు 70కి పైగా ఉన్నాయని 2013లో రెండు బృందాలు చూపించాయి. స్పాంజి నీళ్ళను పీల్చినట్టు ఇది మిర్-7ను పట్టేసుకుంటుంది. 2018లో పంటి తంతుపొర కణాల్లో ఈ గాజును తగ్గిస్తే, విడుదలైన మిర్-7 జీడీఎఫ్5 అనే ఎముక ప్రోత్సాహకాన్ని అణిచివేసింది, ఖనిజం తగ్గింది.

ఆ తర్వాత ఈ స్పాంజి కథల వరద మొదలైంది. ఫలానా గాజు ఫలానా చీటీని పీలుస్తుంది, అందువల్ల ఫలానా ప్రొటీన్ పెరుగుతుంది అంటూ వందల పత్రాలు వచ్చాయి. ఇక్కడ నాకు కొంత అనుమానం ఉంది, దాన్ని లెక్కతో చెబుతాను. నాలుగు అక్షరాల వర్ణమాలలో ఏడక్షరాల వరుసలు మొత్తం 16,384. అంటే యాదృచ్ఛికంగానే ప్రతి 16,384 అక్షరాలకు ఒకసారి ఏ వరుసైనా ఎదురవుతుంది. సుమారు 20,000 జన్యువులు, ఒక్కో తోక వెయ్యి అక్షరాలు అనుకుంటే మొత్తం రెండు కోట్ల అక్షరాలు. భాగిస్తే 1,200కు పైగా జోడీలు కేవలం కాకతాళీయంగానే దొరుకుతాయి. కంప్యూటర్‌లో జోడీ కుదిరినంత మాత్రాన కణంలో ఆ పని జరుగుతున్నట్టు కాదు.

మంచి పత్రాలు అక్కడితో ఆగవు. మిణుగురు పురుగులో కాంతినిచ్చే ఎంజైము జన్యువుకు ఆ తోకను అతికిస్తారు. చీటీ వచ్చినప్పుడు వెలుగు తగ్గిందా చూస్తారు. తోకలో ఆ ఏడక్షరాలను చెరిపి మళ్ళీ చూస్తారు. ఇప్పుడు తగ్గకపోతే జోడీ నిజమని ఒప్పుకుంటారు. ఆ తర్వాత కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: కణంలో ఈ గాజులు ఎన్ని, చీటీలు ఎన్ని? ఒకటి రెండు అతుకు చోట్లున్న గాజులు పదో పాతికో ఉండి, చీటీలు వేలల్లో ఉంటే, బకెట్ నీళ్ళలో దూది ఉండ వేసినట్టే. ఈ లెక్క ఇచ్చిన పత్రాలను నేను ఎక్కువ నమ్ముతాను.

మందుగా ఎప్పుడు?

బ్రేకు ఏదో తెలిశాక దాన్ని తీసేయవచ్చు కదా అనిపిస్తుంది. తీయవచ్చు, గిన్నెలో. శరీరంలో ఆర్‌ఎన్‌ఏ ముక్కను కావలసిన చోటికి చేర్చడం కష్టం. రక్తంలోని ఎంజైములు దాన్ని నిమిషాల్లో ముక్కలు చేస్తాయి. దానికి రుణావేశం, కణత్వచానికీ రుణావేశం, రెండూ వికర్షించుకుంటాయి. కొవ్వు బిందువుల్లో చుట్టి పంపితే ఎక్కువ భాగం కాలేయానికి చేరుతుంది. మిర్-34ను అనుకరించే ఒక కేన్సర్ మందు మనుషుల్లో తొలిదశ పరీక్షల దాకా వచ్చి, తీవ్రమైన రోగనిరోధక దుష్ప్రభావాల వల్ల 2016లో ఆగిపోయింది.

ఎముకకు ఒక సౌలభ్యం మాత్రం ఉంది. లోపం ఒకేచోట ఉంటుంది. దవడలో పడిన గుంటలో ఆర్‌ఎన్‌ఏ పూసిన ఖనిజపు అచ్చును నేరుగా పెట్టవచ్చు, రక్తంలో ఊరంతా తిప్పనక్కర్లేదు. జంతువుల్లో ఈ దిశగా పని సాగుతోంది. నాకు ఆశ ఉన్నది ఈ దారి మీదే. ఇందులో తమాషా ఏమిటంటే, అది కుదిరితే దాచిన పాలపన్ను అవసరం తగ్గుతుంది. రోగి ఎముకలో అప్పటికే ఉన్న కణాలకే చీటీ అందించవచ్చు.

పాలపంటి కణాలు మనుషుల్లో బాగా పనిచేసిన ఉదాహరణ లేకపోలేదు. 2018లో షియాన్ వైద్యులు దెబ్బ తగిలి ముందుపంటి గుజ్జు చచ్చిపోయిన 40 మంది పిల్లలను తీసుకుని, కొందరికి వాళ్ళ సొంత పాలపంటి గుజ్జు కణాలను పెంచి ఆ పంట్లోనే పెట్టారు. రక్తనాళాలు, స్పర్శ తిరిగి వచ్చాయి. కానీ అక్కడ కట్టింది పంటి గుజ్జు, దవడ ఎముక కాదు. కణాలూ ఏళ్ళ తరబడి గిడ్డంగిలో దాచినవి కావు.

ఇక మన దేశంలో నియమం సూటిగా ఉంది. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం బొడ్డుతాడు రక్తాన్ని మాత్రమే నిల్వచేయడానికి అనుమతి. పళ్ళ నుంచి తీసిన కణజాలం, మాయ, బొడ్డుతాడు కణజాలం వగైరాలను వ్యాపారంగా నిల్వచేయడానికి లేదు. రక్త సంబంధ జబ్బులకు ఆమోదించిన మార్పిడి తప్ప, మిగతా మూలకణ చికిత్సలు అనుమతి పొందిన పరీక్షల్లో భాగంగానే జరగాలి, వాటికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

వదినకు ఇదంతా ఫోనులో చెప్పలేదు. ఆదివారం సర్దార్ వంతెన దాటి వాళ్ళింటికి వెళ్ళాను. కాగితం టీవీ కింద మడిచి పెట్టి ఉంది. వద్దని చెప్పాను, ఎందుకో చెప్పాను. ఆమె సగం విని, "గట్లయితే ఆ పైసలతోని వాని కిందిపళ్ళల్ల పుచ్చులు పూడిపిద్దాం" అంది. పిల్లవాడికి రెండు దవడ పళ్ళు నల్లబడి ఉన్నాయి. బుధవారం అడాజన్‌లో నాకు తెలిసిన దంతవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఊగుతున్న ముందుపన్ను అక్కడే కుర్చీలో ఊడింది. ఇప్పుడు అగ్గిపెట్టెలో దూదిలో ఉంది. ఎండాకాలం సెలవుల్లో సిరిసిల్ల పోయినప్పుడు నాయనమ్మ ఇంటి పెంకుల మీద వేస్తాడట.